కోటమ్మ పిలిచిన మంగళవారం

అమెరికాలోని బాతెల్‌లో కూతురి వంటింటి కిటికీలోంచి తొంగి చూస్తే స్నేహితురాలు లక్ష్మీకాంతం వాళ్ళ ఇంటి కప్పు కనిపిస్తుంది. అయినా ఆ ఇంటికి వెళ్ళాలంటే కోటమ్మ శనివారం దాకా ఆగాలి, కూతురు భావనకి తీరిక దొరకాలి, కారెక్కాలి, బెల్టు పెట్టుకోవాలి. బెల్టు పెట్టుకున్నంతసేపు కూడా పట్టదు ప్రయాణం.

నడిచి వెళ్ళొచ్చుగా అంటారేమో. దారేదీ? ఒక పక్క రయ్యిమని పోయే కార్లు, ఇంకో పక్క మురుగు కాలవ, దాని గట్టు పొడుగునా ముళ్ళ పొదలు. ఈ దేశం వచ్చిన వారానికే ఆవిడ గోంగూర పచ్చడి సీసా పట్టుకుని బయల్దేరిందా, వెనకనుంచి లారీవాడు హారన్ మోగించాడు. ఆ అదురుకి సీసా కాలవలో పడింది. ఆ రోజే భావన, "అమ్మా, మన డ్రైవ్‌వే దాటావంటే నా మీద ఒట్టే" అని కట్టడి చేసింది.

పోనీ శనివారం శనివారం కలుస్తున్నారు కదా అంటే, కలిసిన గంటలో ఏ కథ తెములుతుంది? లక్ష్మీకాంతం చెబుతున్న కథలో, వాళ్ళ మేనత్త పెళ్ళిలో, ముహూర్తం వేళకి వంటవాడు మాయమైపోయాడు. గాడిపొయ్యి మీద పులుసు కుతకుతలాడుతోంది, మనిషి లేడు. నాలుగు శనివారాలుగా వాడు దొరకలేదు. కథ అక్కడికొచ్చేసరికి భావన కారు హారన్ కొడుతుంది. కోటమ్మకి రాత్రుళ్ళు ఆ వంటవాడే కలలోకి వస్తున్నాడు.

అలాంటి రోజుల్లో పోస్టులో ఒక కాగితం వచ్చింది. భావన చదివి చెప్పింది.

"అమ్మా, సిటీవాళ్ళు ప్రాపర్టీ టాక్స్ కొంచెం పెంచి నడవడానికి సైడ్‌వాక్‌లు, సైకిళ్ళ దారులు వేస్తారట. మన రోడ్డు కూడా లిస్ట్‌లో ఉంది. సరేనా కాదా అని మంగళవారంలోగా మనల్నే ఓటెయ్యమంటున్నారు."

"ఇంకేం, వేసెయ్యండి!" అంది కోటమ్మ.

అల్లుడు ఉమాకాంత్ లాప్‌టాప్ మీదనుంచి తలెత్తాడు. "ఏడాదికి రెండొందల డాలర్లు ఎక్స్‌ట్రా భావనా. ఈ రోడ్డు మీద నడిచేవాడొక్కడున్నాడా? నాది నో."

అల్లుడికి ఎదురు చెప్పడం కోటమ్మకి చేతకాదు. అందుకని ఆవిడ ఫ్రిజ్ వైపు తిరిగింది. "విస్తరెయ్యకుండా, వచ్చినాయన భోంచెయ్యలేదంటే ఎట్లా తల్లీ?" అని దాన్నే అడిగింది. ఫ్రిజ్ గుర్రుమంది. ఉమాకాంత్ ఆ కాగితాన్ని దాని తలుపుకే అయస్కాంతంతో అంటించి ఆఫీసు పనిలో పడ్డాడు.

ఆ కాగితాన్ని కోటమ్మ ఓటరు చీటీ అనుకుంది. మంగళవారం ఆఖరు అన్నారు కనుక, మంగళవారంనాడు జనం ఆ చీటీలు పట్టుకుని మలుపులో ఉన్న బడికి వెళ్ళి వరసలో నిలబడతారనుకుంది. మన దగ్గర బడిలోనే కదా మరి! వెనకటికి ఊళ్ళో వాళ్ళ అత్తగారు కాలవ మీద వంతెన కోసం ఏం చేసిందో గుర్తొచ్చింది. మీటింగులకి మొహం చూపించని ఆడవాళ్ళందరినీ ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలిచింది. బొట్టు పెట్టి పిలిచాక ఎవరు మానతారు? వంతెన వేశారు. ఇప్పటికీ ఉంది, కావాలంటే చూసుకోవచ్చు.

ఇల్లిల్లూ తిరగడానికి ఒట్టు అడ్డం. కానీ ముప్ఫై ఇళ్ళ పోస్టు డబ్బాలూ ఒక్కచోట, సరిగ్గా భావన డ్రైవ్‌వే చివరే ఉన్నాయి. ఉత్తరాల కోసం కూడా అందరూ కార్లలోనే వస్తారు. కోటమ్మ కుంకుమ భరిణె, అరటిపళ్ళ బుట్ట తీసుకెళ్ళి డబ్బాల పక్కన కుర్చీ వేసుకుంది. కారు ఆగడం, అద్దం దిగడం, ఈవిడ చెయ్యి లోపలికి పెట్టి నుదుట బొట్టు దిద్దడం, ఒళ్ళో పండు పెట్టడం.

"ట్యూస్‌డే. యూ కమ్. ఆల్ ఫ్యామిలీ. మస్ట్!" అని బడి వైపు చెయ్యి చూపించేది. ఆ చేతికీ బడికీ మధ్యలో భావన ఇల్లుంది.

అదే రోడ్డు మీదుండే హెరాల్డ్ తన గడ్డిలో 'నో' అని ఇంత బోర్డు పాతుకున్నవాడు. కోటమ్మ ఆయన్నీ వదల్లేదు. ఆయనకి రెండు పళ్ళిచ్చింది.

మంగళవారం సాయంత్రం అయిదింటికి బెల్లు మోగింది. గుమ్మంలో కేకు పట్టుకున్న ఒకావిడ, వెనక వైన్ సీసాతో ఒకాయన, వాళ్ళ వెనక పదిమంది. భావన మీటింగ్ మధ్యలోంచి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా! ఎవరు వీళ్ళంతా?"

"ఓటేసొచ్చారేమో కనుక్కో."

"వేసేదేంటి? ఇక్కడ ఇంట్లోనే కాగితం నింపి పోస్ట్ చేస్తారు. ఎవ్వరూ ఎక్కడికీ వెళ్ళరు!"

కోటమ్మ గుమ్మంలో ఉన్న తలలు లెక్కపెట్టుకుంది. తర్వాత పెద్ద గిన్నె పొయ్యి మీద పెట్టి, "రవ్వ ఎక్కడుందే?" అంది.

డ్రైవ్‌వేలో నాలుగు కార్లకే చోటు. మిగిలినవాళ్ళు బడి దగ్గర కారు పెట్టి, వానలో ఆ కాలవ గట్టునే నడిచొచ్చారు. ఒకావిడ స్కార్ఫ్ ముళ్ళకి ఇచ్చేసి వచ్చింది. ఉప్మా మూడో వాయి దించుతుండగా ఉమాకాంత్ వచ్చాడు. ఒక కాలికే బూటుంది. పంట్లాం మోకాలి దగ్గర చిరిగింది. ఆయన భుజం పట్టుకుని హెరాల్డ్, నడుం దాకా బురద. ఉమాకాంత్‌కి తన గరాజ్‌లోకి వెళ్ళే దారి లేక బడి దగ్గర కారాపి నడిచొస్తుంటే, ట్రక్కు ఒకటి నీళ్ళు చిమ్మిందట. పక్కకి గెంతితే కాలవ. అందులో హెరాల్డ్ అప్పటికే ఉన్నాడట. రెండు నో-లు ఒకదాన్నొకటి లాక్కుంటూ పైకొచ్చాయి.

"అత్తయ్యగారూ," అన్నాడు ఉమాకాంత్, "విజిటర్ వీసా మీదొచ్చి ఎలక్షన్ ప్రచారం చేశారా?"

కోటమ్మ ఫ్రిజ్ చాటుకి జరిగింది. "లేదు బాబూ. పండిచ్చానంతే."

ఆయన ఫ్రిజ్ దగ్గరికొచ్చి అయస్కాంతం పీకాడు. "భావనా, పెన్ను. ఓటు డబ్బాలో వెయ్యడానికి ఎనిమిదింటి దాకా టైముంది కదా?"

"దేనికి టిక్ పెడుతున్నావ్ ఉమా?"

"నా బూటు ఆ కాలవలోనే ఉంది. ఇంకా అడుగుతావేంటి?"

హెరాల్డ్ మాత్రం నెత్తి పట్టుకున్నాడు. ఆయన తన నో మొన్ననే పోస్టులో వేసేశాడట. ఆ బాధలో ఉప్మా మూడుసార్లు పెట్టించుకున్నాడు.

లెక్కింపు పది రోజులు సాగింది. సైడ్‌వాక్ పధ్నాలుగు ఓట్ల తేడాతో నెగ్గింది. భావన చెప్పీ చెప్పగానే కోటమ్మ బూట్లు తొడుక్కుంది.

"ఎక్కడికమ్మా? కట్టడానికి ఇంకా రెండేళ్ళు పడుతుంది!"

"రెండేళ్ళా? నా వీసాకి నాలుగు నెలలుంది. వంటవాడి సంగతేం కాను?"

ఉమాకాంత్ లేచాడు. గరాజ్‌లోంచి కార్లవాళ్ళకి దూరాన్నుంచే కనిపించే రెండు పసుపుపచ్చ చొక్కాలు తెచ్చి ఒకటి అత్తగారి చీర మీద తొడిగాడు. "మీరు కాలవ వైపు కాదు, రోడ్డు వైపూ కాదు, నా వెనకే రండి." అలా ఇద్దరూ బాతుల్లా ఒకరి వెనకొకరు సగం దూరం వెళ్ళారు.

ఎదురుగా ఒక కారు హారన్ కొట్టి ఆగింది. వెనక సీటు కిటికీలోంచి లక్ష్మీకాంతం తల బయటికొచ్చింది.

"వదినా! గెలిచామటగా! చెప్పిపోదామని మీ ఇంటికే బయల్దేరాను!"

వెనక అప్పుడే నాలుగు కార్లు ఆగాయి. ఒకడు గీపెడుతున్నాడు. కోటమ్మ రెండు చేతులతో కారు తలుపు పట్టుకుంది.

"కదిలావంటే చూడు. ముందు చెప్పు, వంటవాడు దొరికాడా లేదా?"