కంటి ఒత్తిడి పన్నెండు

నేను ఒక గాజుమొన, ఒక స్ప్రింగు, పక్కన అంకెలు చెక్కిన చక్రం. మనుషులు టోనోమీటరని పేరు పెట్టారు. తెరిచిన కనుగుడ్డు మీద ఆనించి లోపలి ఒత్తిడి ఎంతో చెప్పడం నా పని. నన్ను చేసినవాళ్ళు వెంట్రుకవాసి తేడా లేకుండా సరిచేసి పంపారు. మనుషుల నోటిని అలా సరిచేసే పనివాడు ఎక్కడా లేడని తర్వాత తెలిసింది. పట్నంలో ఒక పెద్ద డాక్టరు పని విరమిస్తూ నన్ను శిష్యుడికి ఇచ్చాడు. శిష్యుడు శ్రీకాకుళం వైపు ఉన్న తన చిన్న కంటి ఆసుపత్రికి తెచ్చుకున్నాడు.

ముఖలింగం అక్కడికే వచ్చాడు. పెళ్ళిళ్ళకు సన్నాయి ఊదే మనిషి. లోపలి ఒత్తిడి పెరిగి చూపును తినేసే నీటికాసుల జబ్బు ఎడమకంటిని అప్పటికే మింగేసింది. ఇరవై దాటకూడని ఒత్తిడి కుడికంట్లో ముప్పైనాలుగు. డాక్టరు శస్త్రచికిత్స చేసి, కంటిలోపలి నీరు జారిపోవడానికి సన్నని దారి తెరిచాడు. ఆ తర్వాత నేను చూపిన అంకె పన్నెండు. డాక్టరు మురిసిపోయాడు.

"బరువులు ఎత్తుతున్నారా?" అని, ఊపిరి బిగబడితే కంటి ఒత్తిడి ఎక్కుతుంది గనుక, ప్రతి పరీక్షకూ అడిగేవాడు.

"నేదు బాబూ."

అది నిజమే. మీరు చేసే పనేమిటన్న ప్రశ్న మాత్రం ఇంత చదివిన ఆ నోట ఒక్కనాడూ రాలేదు.

చక్కెర పరీక్షకు ముందు మిఠాయి మానేసి, ఫలితం చూసుకుని పొంగిపోయి, తిరుగుదారిలో జిలేబీ కొనుక్కునే జాతి ఇది. ముఖలింగం పథ్యంగా మానింది సన్నాయి. పరీక్ష దగ్గర పడగానే దాన్ని గుడ్డలో చుట్టి పక్కన పెట్టేవాడు. ఒకసారి కంట్లో మందు వేసి, కన్ను మొద్దుబారేదాకా డాక్టరు బయటికి వెళ్ళినప్పుడు, భార్య సూరమ్మ నా ఎదుటే అడిగింది.

"ఊదితే కన్ను పొంగిపోతందని బాబుకి సెప్పీరాదా, మావా?"

"సెప్తే ఊదొద్దంటాడే. ఊదకపోతే నానెవుడ్ని? నీ మొగుణ్ణి, అంతే గదా."

"అదొక్కటీ సాల్దేటి?"

అతను నవ్వాడు. ఆమె నవ్వలేదు.

బుగ్గల నిండా గాలి బిగబట్టి గంటలకొద్దీ ఊదుతున్నప్పుడు ఆ కంట్లో ఒత్తిడి ఎంతకు ఎక్కేదో నాకు తెలియదు. పెళ్ళిపందిట్లోకి నన్నెవరూ తీసుకుపోలేదు. నేను కొలిచింది ఊరుకున్న ముఖలింగాన్ని. నా అంకె చూసి తృప్తిపడిన డాక్టరు, చూపు అంచుల నుంచి ఎంత కుంచించుకుపోతోందో తేల్చే పరీక్ష అక్కర్లేదన్నాడు. అంకె ఒక్కటే చాలనుకోవడం సోమరితనం. దానికి శాస్త్రమని పేరు పెట్టడం నేరం.

పెళ్ళిళ్ళ కాలం ముగిశాక ముఖలింగం భార్య భుజం పట్టుకుని వచ్చాడు. నా ముందున్న పీట మీద గడ్డం ఆనించాడు. డాక్టరు కంట్లో పసుపు మందు వేసి, నీలి దీపం వెలిగించి, నన్ను ముందుకు జరిపాడు.

"పన్నెండే. చాలా బాగుంది."

"బాగుంటే, బాబూ," అన్నాడు ముఖలింగం మెల్లగా, "మరి దీపమెందుకు ఆర్పీసినారు?"

డాక్టరు చెయ్యి నా చక్రం మీదే ఆగిపోయింది. భర్త ముఖమంతా పరుచుకున్న నీలి వెలుతురును సూరమ్మ చూసింది. వంగి, అతని వీపు మీద చెయ్యి వేసింది.

"అవును మావా," అంది, "ఆర్పీసినారు."