మామగారు కదలకుండా చూసిన మధ్యాహ్నం

ఆ ఇంట్లో పొద్దున్నే ఆరున్నరకి మామగారు పేపరు చదువుతారు. మేడ మీద అత్తగారి మంచం పక్కన స్టూలు మీద పేపరు పరిచి, పక్కనే కళ్లజోడు పెట్టి, కోడలు కిందికి దిగిపోతుంది. కాసేపటికి మొదటి పేజీ అంచు లేస్తుంది, తటపటాయిస్తుంది, తిరుగుతుంది. ఆటల పేజీ దగ్గర మాత్రం ఎక్కువసేపు ఆగుతుంది.

మామగారు పోయి మూడేళ్లయింది. పోయిన మర్నాటి నుంచీ ఇంట్లో గాలిగా ఉంటున్నారు. టీ చల్లారుస్తారు, తడిబట్టలు ఆరబెడతారు, కూరలో ఉప్పెక్కువైతే వంటింటి తలుపు ధడాలున వేస్తారు. వీధి గడప మాత్రం దాటరు. బతికున్నప్పుడూ అంతే, డ్యూటీకి తప్ప దాటిన మనిషి కాదు.

డ్యూటీ అంటే బస్సుల డిపోలో వెల్డింగు. ముప్పైనాలుగేళ్లు రాడ్డు పట్టిన చెయ్యి. ఎవరి పనినీ నోటితో మెచ్చుకుని ఎరగరు. అతుకు బాగుంటే వంగి, దాని మీది దుమ్ముని ఒక్కసారి ఫూ అని ఊది వెళ్లిపోయేవారు. ఆ ఒక్క ఊదు కోసం డిపోలో మగాళ్లు ఏళ్ల తరబడి కాచుకున్నారట. కోడలు కొత్తగా వచ్చినప్పుడు, "మామయ్యా, ఒక్కసారి నేను పట్టుకోనా?" అనడిగితే, "చూడు" అన్నారు. అంతే, చూడు. ఇంటికి ఆనుకున్న షెడ్డులో ఆయన సొంత పనులు చేసుకుంటుంటే, ఆరేళ్లు వెనకాల నిలబడి నల్లద్దంలోంచి చూసింది. ఆయన పోయాక, లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టే ఉద్యోగం జీతంతో చిన్న మిగ్ వెల్డింగు మిషన్ కొనుక్కుంది. సరదాకే. ఒక కుండీల స్టాండు, ఒక చెప్పుల అర, అలా.

సరదా సరదాగా ఉండనిస్తే కదా! అత్తగారు మెట్ల మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నారు. ఎముక అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. పట్టుకోడానికేమీ లేని ఆ పద్నాలుగు మెట్లని చూస్తేనే వెనక్కి తిరుగుతారు. ఏడు నెలలుగా మేడ మీదే. "రైలింగు నేను చేస్తానత్తయ్యా" అంది కోడలు. చేసింది కూడా. పోయిన ఆదివారం బావగారు, అంటే భర్తకి అన్న, బీరువా లాంటి మనిషి, వచ్చి ఒక్క ఊపు ఊపేసరికి మూడు ఊచలు ఊడి చేతిలోకొచ్చాయి.

"ఇదేంటమ్మా, రైలింగా, అగ్గిపుల్లలా?"

ఊడిన చోట ఇనుము జల్లెడలా ఉంది. అన్నీ చిల్లులే.

"వచ్చే ఆదివారం వస్తా. అప్పటికీ ఇదే బాపతయితే అమ్మని మా ఇంటికి తీసుకుపోతా. లిఫ్టుంది" అని ఆయన తీర్పు చెప్పేసి వెళ్లిపోయారు.

బావగారి ఫ్లాట్లో కిటికీలు తెరుచుకోవు. అక్కడికి మామగారు రాలేరు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. ఆ సాయంత్రమంతా అత్తగారి పైటకొంగు మాత్రం ఆవిడ మణికట్టుకి చుట్టుకునే ఉంది.

సోమవారం నుంచి కోడలు మిషన్ని నిలదీసింది. మొదట నేరం తుప్పుదనుకుంది. పైపుల మీద రంగూ తుప్పూ గ్రైండరుతో గీకి, వెండిలా మెరిసేదాకా తుడిచింది. చిల్లులే. ఎర్తు క్లాంపు మురికి మీద కరిచిందేమోనని శుభ్రమైన చోట బిగించింది. చిల్లులే. నాజిల్లో పేరుకున్న ఇనుప తుంపర ఊడబొడిచింది, టిప్పు మార్చింది, వైరు వేగం తగ్గించి చూసింది, పెంచి చూసింది. షెడ్డు తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి చేసింది. గ్యాసు పెంచితే మునుపటికన్నా అధ్వానం. మిషన్ ఉమ్ముతున్నట్టు చిటపటమంది.

శుక్రవారం ఒక ముక్క కోసి, సంచిలో వేసుకుని గ్యాసు సిలిండర్ల షాపాయన దగ్గరికి వెళ్లింది. ఆయన దాన్ని వెలుతురుకి పెట్టి చూశాడు.

"గాలి కొడుతోందమ్మా."

"తలుపులన్నీ మూసే చేస్తున్నానండీ."

"లోపలేమైనా గాలుందా?"

"మా మామగారున్నారు."

"ఓ, డిపో మేస్త్రీగారు!" షాపాయన ముక్కని బల్ల మీద పెట్టేశాడు. "ఇంకేం, దొరికింది దొంగ. ఆయన రాడ్డు మనిషి కదా. రాడ్డుకి మందు పూత ఉంటుంది, కాస్త గాలి తగిలినా దాని పొగే దాన్ని కాపాడుకుంటుంది. నీ మిషన్‌కి ఆ పూత లేదు. గ్యాసే దాని దుప్పటి. కోడలేం చేస్తోందో అని ఆయన భుజం మీంచి వంగి చూస్తున్నారు, దుప్పటి లేచిపోతోంది."

కోడలు నవ్వబోయి ఆగిపోయింది. నిజమే. నల్లద్దం దించిన ప్రతిసారీ మెడ మీద చల్లగా తగులుతూనే ఉంది.

ఇంటికొచ్చి భర్తతో చెప్పింది. "మా నాన్నకి నేను జన్మలో ఎదురు చెప్పలేదు. ఇప్పుడు చెప్పమంటావా?" అని అతను బయటికి జారుకున్నాడు. అత్తగారైతే, "నలభై ఏళ్లు చెప్పానే అమ్మాయ్, ఒక్క మాట విన్న పాపాన పోలేదు. నువ్వే చూసుకో" అన్నారు. అన్నారేగాని ఆ కళ్లల్లో ఆదివారం కనిపిస్తూనే ఉంది.

శనివారం మధ్యాహ్నం కోడలు షెడ్డు తలుపు మూసింది. నల్లద్దం బిగించిన పెద్ద ముసుగుని చంకలో పెట్టుకుని, ఎవరూ లేని మూలకి తిరిగి నిలబడింది.

"మామయ్యా, కోపం తెచ్చుకోకండి. ఆరేళ్లు మీ వెనక నిలబడి చూశాను. ఒక్కసారన్నా నోరెత్తానా? మీ చేతికి అడ్డమొచ్చానా? ఇప్పుడు మీ వంతు. ఇది రాడ్డు కాదు, దీని పద్ధతి వేరు. నేను చెప్పేదాకా కదలకుండా నిలబడి చూడండి. అత్తయ్య కోసం."

మూల గోడకి తగిలించిన క్యాలెండరు ఒక్కసారి పటపటమంది. కోడలి గుండె కూడా. తర్వాత క్యాలెండరు కిందికి దిగింది, గోడకి అంటుకుంది, ఆగింది.

ఆ తర్వాత ఆగినవి ఒక్కొక్కటే తెలిశాయి. షెడ్డు రేకు టకటకలాడడం ఆగింది. కిటికీ అద్దంలోంచి చూస్తే, ఎదురింటి తీగ మీది దుప్పట్లు ఇస్త్రీ చేసినట్టు నిటారుగా వేలాడుతున్నాయి. వీధి చివర బేకరీ పొగగొట్టంలోంచి వచ్చే పొగ స్తంభంలా పైకి, పైపైకి, ఎక్కడా వంగకుండా వెళ్తోంది. పావురాలు రెక్కలు ముడుచుకుని పిట్టగోడ మీద నడుస్తున్నాయి. పంచె పైకి కట్టుకుని రోజూ డిపోకి పరుగెత్తిన ఆ మొండి మనిషి తన ఊపిరితోపాటు వీధి మొత్తం ఊపిరినీ బిగబట్టి, ఆమె కోసం నిలబడ్డారు. చూస్తున్నారు.

కోడలు ముసుగు దించింది. మీట నొక్కింది.

చిటపటలు లేవు. కాగిన నూనెలో ఏదో సన్నగా, ఏకధాటిగా వేగుతున్నట్టు ఒకే శబ్దం. నల్లద్దం వెనక కరిగిన ఇనుము చిన్న చెరువులా, తొణక్కుండా, ఆమె చెయ్యి ఎటు వెళ్తే అటు వెంట వచ్చింది. దాని వెనకే చేపపొలుసుల్లా ఒకదానిమీదొకటి అలలు గట్టిపడ్డాయి. మొదట అతికిన ఈ నమూనా ముక్కని బల్లకున్న ఇనుప పట్టులో బిగించి సుత్తితో బాదింది. పైపు వంగింది, అతుకు వంగలేదు. అప్పుడు మొదలుపెట్టింది. ఏడు ఊచలు, పద్నాలుగు అతుకులు. సాయంత్రానికి భార్యాభర్తలిద్దరూ మోసుకెళ్లి మెట్లకి బోల్టులు బిగించారు.

ఆదివారం పొద్దున్న పేపరు తిరగలేదు.

ఏడున్నరైనా మొదటి పేజీయే. టీ పొగలు కక్కుతూనే ఉంది. అత్తగారి కొంగు కింద వేలాడుతోంది. కోడలు పేపరు అంచుని వేలితో కదిపి చూసింది. అంతలో బావగారు రానే వచ్చారు.

రెండు చేతులా రైలింగు పట్టుకుని ఊపారు. మెట్టుకి కాలు తన్నిపెట్టి లాగారు. ఆఖరికి బీరువా అంత బరువూ దాని మీద వేసి వేలాడారు. మెట్ల గోడ నుంచి సున్నం రాలింది గానీ ఊచ చెక్కు చెదరలేదు.

"ఎవరు చేశారు?"

"నేనే బావగారూ."

"నాన్న సాయం చేశారా?"

"చేశారు. ఊరుకున్నారు."

మేడ మీంచి అత్తగారి కేక. "ఏమే, ఊపిరి బిగబట్టమన్నావు సరే, వదలమని చెప్పావా?"

కోడలు నాలిక్కరుచుకుంది. చెప్పలేదు! నేను చెప్పేదాకా అంది, రైలింగు హడావిడిలో ఆ చెప్పడమే మరిచిపోయింది. బతికినన్నాళ్లూ ఎవరి మాటా వినని మనిషి, నిన్న మధ్యాహ్నం నుంచీ కోడలి మాట మీద నిలబడే ఉన్నారు.

షెడ్డు తలుపు బార్లా తెరిచింది. "మామయ్యా, అయిపోయింది. రండి, చూసుకోండి."

అప్పటికే అత్తగారు పై మెట్టు మీద నిలబడి, రైలింగు మీద చెయ్యి వేశారు. ఒక మెట్టు దిగారు. మొదటి ఊచ దగ్గర, ఎక్కడిదో ఇనుప రజను కొద్దిగా పైకి లేచింది.

ఫూ.

బావగారు చేతులు కట్టుకుని పక్కకి జరిగారు. అత్తగారు దిగుతున్నారు, ఆవిడకన్నా ఒక మెట్టు ముందు ఆ ఊపిరి దిగుతోంది. ఊచ పైన ఒకసారి, ఊచ కింద ఒకసారి. దేన్నీ వదల్లేదు. పద్నాలుగోది అయ్యేసరికి అత్తగారు నేల మీద ఉన్నారు, ఏడు నెలల తర్వాత. రైలింగు వదిలి, తెరిచిన వీధి తలుపు వైపు నడిచారు.

కోడలు కింది మెట్టు మీద కూలబడింది. నుదుటి మీద చెమట. దాని మీద చల్లగా, ఒక్కసారి, ఫూ అని తగిలింది.