నాన్న కొట్టిన చుక్క

రిటైరైన ఫిట్టరుది మహా పట్టుదల. చెల్లెలి లెక్కలో మాత్రం అది ఒట్టి మొండితనం. వంటింటి వెనక సామాన్ల గదిని వర్క్‌షాపు చేసేసి, ఇంట్లో మంచినీళ్ళ గ్లాసులకు కూడా గ్రీజు వాసన పట్టించాడు. ఇంత హడావుడీ జానెడు పొడవున్న ఓ బుల్లి ఆవిరి ఇంజను కోసం.

అది వాళ్ళ నాన్న మొదలుపెట్టిన ఇంజను. డ్యూటీ దిగి వచ్చాక ఇత్తడి ముక్కలు అరగదీస్తూ బాయిలరు చేశాడు, పిస్టను చేశాడు. చక్రం దాకా వచ్చేసరికి ఆయనే వెళ్ళిపోయాడు. ఏళ్ళ తరబడి ఇనప్పెట్టెలో పడున్నదాన్ని ఇప్పుడు కొడుకు బయటికి తీశాడు. చక్రం చేశాడు, ఆవిరి వాల్వూ, దాన్ని కదిపే గుండ్రటి బిళ్ళా చేశాడు. ఆ బిళ్ళ ఎక్కడ బిగించాలో నాన్న ఎప్పుడో ఇరుసు మీద పంచ్‌తో చుక్క కొట్టి ఉంచాడు. బిళ్ళ బిగించే చోటును బట్టే చక్రం ఏ వైపు తిరిగేదీ తేలుతుంది గనక, కొడుకు సరిగ్గా అక్కడే బిగించాడు.

ఆ మధ్యాహ్నం నాన్న బల్ల ముందు, నాన్న కుర్చీలోనే కూర్చుని బాయిలరు కింద దీపం వెలిగించాడు. ఇంజను బుసకొట్టింది, ముసలాయనలా దగ్గింది, తిరిగింది. ఫిట్టరు ముందుకు వంగి చూశాడు. చక్రం రివర్సులో తిరుగుతోంది!

చిన్నప్పుడు నాన్న ఆ ఇరుసును చేత్తో తిప్పి చూపించేవాడు. "చక్రం పెట్టాక ఇదిగో, ఇలా తిరుగుతుందిరా" అనేవాడు. అది గడియారం ముళ్ళు తిరిగే వైపే తిరిగేది. కళ్ళకు కట్టినట్టు గుర్తుంది.

ఆపాడు, విప్పాడు, బిగించాడు. మళ్ళీ అదే తంతు. ఇక తప్పు చుక్కదే అయి ఉండాలి. నాన్న చెయ్యి తప్పిందనుకోవడానికే ప్రాణం ఒప్పలేదు. అయినా ఇంజను చల్లారాక ఆ చుక్క అరగదీసి కొత్తది కొట్టేద్దామని ఆకురాయి తీసి పక్కన పెట్టుకున్నాడు.

చప్పుడు విని చెల్లెలు వచ్చింది.

"అమ్మో, తిరుగుతోందే! మరి ఆ ఏడుపు మొహమేంటి అన్నయ్యా?"

"రివర్సులో తిరుగుతోందే. నాన్న గుర్తు తప్పు పెట్టాడు."

"నాన్నా? తప్పా?" ఆమె ఆకురాయి వంక చూసింది. "నీకెవరు చెప్పారు?"

"ఎవరో చెప్పేదేంటి? తిప్పి చూపిస్తుంటే కళ్ళారా చూశాగా!"

"చూశావులే. ఎక్కడ కూర్చుని చూశావు?"

ఫిట్టరు తను కూర్చున్న కుర్చీ వంక చూసుకున్నాడు.

"ఆ కుర్చీలో మనల్ని ఎప్పుడైనా కూర్చోనిచ్చాడా? మనిద్దరం అటుపక్క నేల మీద, బల్లకు గడ్డాలు ఆనించి..." ఆమె బల్ల అవతల నేల వైపు వేలు చూపించింది.

ఫిట్టరు లేచి బల్ల చుట్టూ తిరిగి వెళ్ళాడు. మోకాళ్ళు మొరాయిస్తున్నా నేల మీద చతికిలబడి, బల్ల అంచుకు గడ్డం ఆనించాడు. చక్రం గడియారం ముళ్ళలాగే తిరుగుతోంది. దాని వెనక నాన్న కుర్చీ ఖాళీగా ఉంది.

"ఉంటే ఎంత బాగుండేదే" అన్నాడు. కళ్ళనీళ్ళు తుడుచుకోవాలని కూడా తోచలేదు.

చెల్లెలు పక్కన కూలబడి మోచేత్తో పొడిచింది.

"జరుగు. ఎప్పుడూ ఇంతే నువ్వు, నాకు చక్రం కనపడనివ్వవు."

చిన్నప్పుడు ఒక్కనాడూ జరగని అన్నయ్య ఇప్పుడు జరిగాడు.