దూరం నుంచి ఒక్కసారి చూద్దామని

ఎవరూ అడగలేదు, తగుదునమ్మా అని నేనే చేశాను. ప్రెస్సులో పేజీలు కట్టేవాణ్ణి. ఇంటి కంప్యూటర్లో మిగిలిన పని ఈ ప్రెస్సులోంచే చూసుకోవచ్చని, వీడియో చూసి దాన్ని సర్వర్‌లా మార్చి, ఇంటి తెర ఇక్కడ కనిపించేలా రిమోట్ డెస్క్‌టాప్ పెట్టాను. పాస్‌వర్డ్ గట్టిగా ఉండాలన్నారు కదా, నిన్న పదహారు అక్షరాలతో మార్చేశాను. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. పొద్దున నేనే తెరిచి అమ్మాయిని కూర్చోబెట్టి వచ్చాను, ఇంక దానికి పాస్‌వర్డ్ ఎందుకులే అనుకున్నాను.

అమ్మాయికి ఇవాళ ఆ కంప్యూటర్ మీదే నర్సింగ్ ప్రవేశ పరీక్ష. ఇది రెండోసారి. మూడోసారి రాయనివ్వరు.

పదకొండున్నరకి నా చెయ్యి ఊరుకోలేదు. వెనక నిలబడి తొంగిచూసినట్టే కదా అని కనెక్ట్ నొక్కాను. ముప్పై ఎనిమిదో ప్రశ్న కనిపించింది. మూలన గడియారం ఇంకా ఇరవై ఆరు నిమిషాలుందంటోంది. "శభాష్ రా తల్లీ!" అని మురిసిపోయాను కూడా, సిగ్గులేని మొహాన్ని.

రెండు నిమిషాలైనా తెర మీద ఏదీ కదల్లేదు. పక్క కుర్చీలో బొమ్మలు దిద్దే కుర్రాడు తొంగిచూశాడు.

"అన్నా, నువ్విక్కడ తెరిస్తే అక్కడ తాళం పడిపోద్ది. ఇద్దరికీ ఒకేసారి కనపడదు."

గబగబా మూసేశాను. "ఇప్పుడు దానికి వచ్చేస్తుందా?"

"పాస్‌వర్డ్ కొడితే వస్తుంది. పాపకి తెలుసుగా?"

నిన్న మార్చిన సంగతే దానికి తెలియదు. పరీక్ష నియమం ప్రకారం దాని ఫోన్ ఆఫ్. వాళ్ళమ్మ డ్యూటీలో ఉంది, ఫోన్ లాకర్లో. ఇంటికి బస్సులో గంట. పక్కింటి పిన్నిగారికి ఫోన్ చేసి మా ఇంటికి పరిగెత్తమన్నాను.

"కిటికీలోంచి చూస్తున్నా బాబూ," అంది ఆవిడ గుసగుసగా. "వీపు ఇటుంది. అటూ ఇటూ కదలకుండా ఎంత బుద్ధిగా రాస్తోందో!"

"రాయట్లేదు పిన్నిగారూ! తెరకి తాళం పడింది! తలుపు కొట్టి నేను చెప్పే అక్షరాలు చదవండి!"

"తలుపు కొట్టడమా? కెమెరా చూస్తుంటుంది, ఇంకో గొంతు వినపడితే పరీక్షలోంచి తీసేస్తారని నువ్వేగా నిన్న మెట్ల మీద అందరికీ చెప్పావు? ఆడుకునే పిల్లల్ని కూడా కసిరావు. తండ్రివి, నువ్వే ఇలా కంగారుపడితే ఎలా? కాసిని మంచినీళ్ళు తాగు."

పెట్టేసింది. మళ్ళీ చేస్తే స్విచ్చాఫ్. చప్పుడవుతుందని ఆపేసి ఉంటుంది, మహాతల్లి!

కొరివితో తల గోక్కున్నాను. ఎవర్ని తిట్టను? ఏంచేయాలో తోచక మళ్ళీ కనెక్ట్ నొక్కాను. పదకొండు నిమిషాలే మిగిలాయి. పుట్టిన బిడ్డ గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటుందని అడుగుతోంది ఆ ప్రశ్న. మా అమ్మాయి నిద్రలో లేపి అడిగినా చెబుతుంది. నాకు తెలియదు.

"ఏం జరిగినా కుర్చీలోంచి లేవకు, నోరు విప్పకు," అని పొద్దున దానికి చెప్పింది నేనే. అది నా మాట ఎప్పుడూ జవదాటలేదు.

గడియారం సున్నాకొచ్చింది. 'సమయం ముగిసింది, ధన్యవాదాలు' అని పడింది. అది కూడా నాకే కనిపించింది, దానికి కాదు.