మొగిలమ్మ వంతు

మొగిలమ్మను పనిలోంచి తీసేశారని వినగానే లిదియాకు ఒళ్లు భగ్గుమంది. కంప్యూటర్ సెంటర్‌లో రోజంతా మీటలు కొట్టే మొగిలమ్మ చేతులు మెల్లగా ఆడుతున్నాయట. మేనేజర్ సుందర్ రావు మెమోలో అలాగే రాశాడు.

"చేతులు కాదు చెల్లే, మిషనే ఆగుతాంది. మీట కొడితే అక్షరం రాదు. చెప్తే ఎవలింటరు?" అంటూ మొగిలమ్మ సంచి పట్టుకుని కాశిబుగ్గలోని ఇంటి దారి పట్టింది.

సెంటర్‌లో ఉన్నది ఒకటే పెద్ద కంప్యూటర్. ఒక పెత్తనపు ప్రోగ్రాం దాన్ని నాలుగు మిషన్లుగా పంచి, ఎవరి మిషన్ వారిదే అనిపించేలా నడిపేది. ఎవరికి ఎప్పుడు, ఎంతసేపు వంతు ఇచ్చిందో కూడా రాసిపెట్టేది. ఆ రాతనే ట్రేస్ అనేవారు. కంప్యూటర్‌ను చూసుకునే లిదియా దాన్ని అచ్చు తీసింది. కట్టెడు కాగితాల నిండా అంకెలే. ఇన్నాళ్లూ ఎవరూ చదవలేదు.

ఆమె రెండు రోజులు కూర్చుని ఆ అంకెలను బొమ్మగా మార్చే ప్రోగ్రాం రాసి, మ్యాపులు గీసే ప్లాటర్‌కు ఇచ్చింది. నాలుగు మిషన్లకు నాలుగు వరుసలు పడ్డాయి. మొగిలమ్మ వరుసలో అక్కడొకటి ఇక్కడొకటి పచ్చ చుక్కలు. సుందర్ రావు వరుసలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెగని ఎర్ర పట్టీ. ఆయన మొదలుపెట్టి మరిచిపోయిన ప్రోగ్రాం ఒకటి ఆగకుండా తిరుగుతూ అందరి వంతూ, అందులోనూ రోజంతా మీటలు కొట్టే మొగిలమ్మ వంతును మరీ ఎక్కువగా, మింగేస్తోంది.

లిదియా ఆ బొమ్మను ఆయన బల్ల మీద పరిచింది. ఆయన చూసి, మడిచి సొరుగులో పెట్టాడు.

"ప్రోగ్రాం ఆపుత. ఆమెను రమ్మను. లొల్లి చెయ్యకు."

"మెమో సంగతేంది సార్?"

"ఫైల్ల ఉంటది. నీకేం ఫికర్?"

లిదియా పళ్లు బిగించి బయటికొచ్చింది. మళ్లీ ఒకటి గీయించి, ఏ వరుస ఎవరిదో పేర్లు రాసి హాలు గోడకు అంటించింది. మర్నాడు మొగిలమ్మ వస్తే వేలు పెట్టి చూపించింది. మొగిలమ్మ తన కుర్చీ వైపు పోలేదు. నేరుగా మేనేజర్ గదిలోకి నడిచింది.

"మెమో చింపుండ్రి సార్. చింపినంక కూసుంట."

హాల్లో మీటల చప్పుడు ఒక్కసారిగా ఆగింది. అందరూ తలుపు వైపే చూస్తున్నారు. సుందర్ రావు మొహం కందగడ్డయింది. మెమో చింపి బుట్టలో పడేశాడు. తప్పయిందన్న మాట మాత్రం ఆయన నోట రాలేదు.

వారానికి లిదియాకు మెమో వచ్చింది, అనుమతి లేకుండా ప్లాటర్ వాడినందుకు. ఆమె దాని కిందే జవాబు రాసి పంపింది: "వాడాను. అవసరమైతే మళ్లీ వాడతాను."