తాడు లాగినందుకు కృతజ్ఞతలు

వ్యాపార అధ్యయనం పేరుతో మా కాలేజీవాళ్ళు మమ్మల్ని జపాన్ తీసుకెళ్ళి, ఒక వారం తిప్పి తీసుకొచ్చారు. వ్యాపారం సంగతి దేవుడెరుగు, ఫొటోలు మాత్రం బాగా వచ్చాయి. బస్సెక్కితే ఫొటో, దిగితే ఫొటో. మా డైరెక్టరుగారు విమానాశ్రయంలోనే నడుము వంచి దండాలు పెట్టడం మొదలుపెట్టారు. హోటల్లో లిఫ్టు తలుపు దానంతటదే తెరుచుకుంటే దానికీ వంగారు. వెనకాలే ఆయన మేనల్లుడు, మా క్లాసువాడే, మావయ్య ఎంత వంగితే అంతకంటే బెత్తెడు ఎక్కువ వంగేవాడు.

నేను మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని అన్నీ చూశాను. నాకు అవసరముంది మరి. అక్కడ యంత్రాల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ ఒకటి మాలో ఒకరిని ఏడాది శిక్షణకు తీసుకుంటుందనీ, పని నచ్చితే ఉద్యోగం కూడా ఇస్తుందనీ బయలుదేరే ముందే చెప్పారు. ఆ సీటు రాకపోతే నాకోసం మా బాబాయి లారీ ఆఫీసులో ఒక కుర్చీ సిద్ధంగా ఉంది. నన్ను పెంచిన బాబాయి, మంచివాడే. కానీ ఆ కుర్చీలో కూర్చుని చేయాల్సిన పని ఏమిటంటే, ఫోనెత్తి, షెడ్డులోనే పడి ఉన్న బండి గురించి "దారిలో ఉందండీ, వచ్చేస్తోందండీ" అనడం. అదేమిటి బాబాయ్ అబద్ధం కదా అంటే, "అబద్ధం కాదే పిచ్చిదానా, ఓదార్పు" అనేవాడు. రోజంతా జనాన్ని అలా ఓదార్చడం నావల్ల కాదు. ఆ సీటు నాకే రావాలి.

ఫ్యాక్టరీలో మమ్మల్ని తిప్పి చూపించినాయన ఒక ముసలి ఫోర్మన్. ఆయన మాట మాకు చెప్పడానికి పక్కన దుబాసీ ఒకావిడ ఉంది. పనిచేసేవాళ్ళ తలల మీదుగా ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఒక తాడు కట్టి ఉంది. ఎవరికి ఏ లోపం కనిపించినా దాన్ని లాగవచ్చు. గంట మోగుతుంది, పని ఆగుతుంది, పై అధికారి పరుగెత్తుకొస్తాడు. వచ్చి ముందు "కృతజ్ఞతలు" అంటాడు, తర్వాతే ఏమైందని అడుగుతాడు. మేం చూస్తుండగానే ఒకమ్మాయి లాగింది. ఎక్కడో ఒక నట్టు బిగియలేదట. పెద్దాయన వెళ్ళి ఆ పిల్లకు దండం పెట్టాడు. నాకు ఒళ్ళు పులకరించింది. ఉన్నమాట అన్నందుకు తిట్టకుండా దండం పెట్టే చోటు ఈ భూమ్మీద ఉందన్నమాట!

డైరెక్టరుగారికైతే కళ్ళనీళ్ళే వచ్చాయి. "ఒక్కసారి లాగి చూడనా? ఫొటో కోసం" అని దుబాసీ చేత అడిగించారు.

"ఏమైనా లోపం కనిపించిందా?" అన్నాడు ఫోర్మన్.

"అబ్బే, అంతా బ్రహ్మాండం."

"అయితే వద్దు."

డైరెక్టరుగారి మొహం మాడిపోయింది.

ఆ అవమానం కడిగేసుకోవడానికే కాబోలు, తిరిగొచ్చిన వెంటనే కాలేజీ నిండా తాడు కట్టించారు. వరండాలో, క్లాసుల్లో, మీటింగు హాల్లో, ఎక్కడ చూసినా ఎర్ర తాడే. ఒకరోజు ఎవరో దానిమీద తువ్వాలు కూడా ఆరేశారు. ఎలక్ట్రీషియన్ వెంట నిచ్చెన పట్టుకుని తిరిగింది నేను, నియమాలు రాసింది నేను, గంట ఎక్కడ పెట్టాలో తేల్చింది నేను. గుమ్మంలో పెట్టిన బోర్డు మీద "రూపకల్పన" అని ఉన్నచోట పేరు మాత్రం మేనల్లుడిది. అదేమిటి సార్ అంటే, "మనమంతా ఒక కుటుంబమమ్మా" అన్నారు. కుటుంబం అనే మాటకు ఆయన దగ్గర ఉన్న అర్థం నాకప్పుడు బాగా తెలిసింది.

మొదట్లో అంతా ముచ్చటగానే నడిచింది. ఫ్యాను తిరగడం లేదని ఒకరు లాగారు, కుళాయి కారుతోందని ఒకరు లాగారు. డైరెక్టరుగారు పరుగున వచ్చి, వంగి, కృతజ్ఞతలు చెప్పి, ఫొటో సరిగా వచ్చిందో లేదో చూసుకుని వెళ్ళేవారు. తర్వాత కుర్రాళ్ళకు ధైర్యం వచ్చింది. మార్కెటింగు మాస్టారు నిన్నటి పాఠమే మళ్ళీ చెబుతున్నారని ఒకడు లాగాడు. పరీక్ష రాయనివాళ్ళకు కూడా మార్కులు పడ్డాయని ఇంకొకడు లాగాడు. ఫీజు కట్టించుకున్న లైబ్రరీ ఎక్కడుందో చూపించమని నేను లాగాను. ఆరోజు డైరెక్టరుగారు పరుగున రాలేదు, నడిచి వచ్చారు. నడుము కూడా వంగలేదు.

ఆ ఆదివారం ఏదో పనిమీద వెళితే మేనల్లుడు నిచ్చెనెక్కి కటింగ్ ప్లేయరుతో గంట తీగ తెంపుతూ కనిపించాడు.

"ఏం చేస్తున్నావురా?"

"మావయ్యకి తలనొప్పిగా ఉందట. తాడు ఉండనిచ్చి గంట తీసేయమన్నాడు" అన్నాడు, అంత మామూలుగా.

ఇక చూసుకోండి, మా కాలేజీలో లోపాలన్నవి మంత్రం వేసినట్టు మాయమైపోయాయి. తాడు లాగినా గంట మోగదు, గంట మోగకపోతే లోపం లేనట్టే. "తాడు కట్టిన తర్వాత మా సంస్థలో లోపాలు క్రమంగా తగ్గి, నేడు పూర్తిగా అంతరించాయి" అని డైరెక్టరుగారు జపాన్‌కు ఒక నివేదిక పంపించారు. చదివిన ఫోర్మన్ ఆశ్చర్యపోయి, శిక్షణకు మనిషిని ఎంచుకోవడానికి దుబాసీని వెంటబెట్టుకుని స్వయంగా వచ్చేశాడు.

మీటింగు హాల్లో అందరినీ కూర్చోబెట్టారు. డైరెక్టరుగారు మేనల్లుణ్ణి ముందుకు తోసి, "ఇదంతా వీడి బుర్రలోంచి వచ్చిందే. పెద్ద క్రమశిక్షణ గలవాడు" అన్నారు. వాడు బెత్తెడు ఎక్కువే వంగాడు.

ఫోర్మన్ అడిగాడు. "ఈ నెలలో ఎన్ని లోపాలు బయటపడ్డాయి?"

"ఒక్కటీ లేదు!"

"కిందటి నెలలో?"

"అప్పుడూ లేదండి!"

పెద్దాయన పెన్ను మూత పెట్టేసి ఏదో మెల్లగా అన్నాడు. దుబాసీ కాస్త ఇబ్బంది పడుతూ చెప్పింది. "లోపమే లేనిచోట నుంచి వచ్చేవాళ్ళకు మేం నేర్పగలిగేది ఏమీ ఉండదు అంటున్నారు. సీటు వేరే కాలేజీకి ఇస్తారట."

నా సీటు నా కళ్ళముందే లేచి వెళ్ళిపోతోంది. అరికాలి మంట నెత్తికెక్కింది. లేచి వెళ్ళి తాడు లాగాను. గంట మోగలేదు. ఇంకా గట్టిగా లాగాను. తాడు, మేకు, గుప్పెడు సున్నం కలిసి నా నెత్తిన పడ్డాయి.

ఫోర్మన్ గబగబా వచ్చి నా ముందు వంగాడు. "కృతజ్ఞతలు. ఏమైంది?"

"గంట తీగ తెంపేశారండి. లోపాలు తగ్గలేదు, చెప్పే దారి మూసేశారు" అని మొదలుపెట్టి, పాత పాఠాల నుంచి లేని లైబ్రరీ దాకా అన్నీ ఏకరువు పెట్టాను. దుబాసీ చెబుతున్నకొద్దీ పెద్దాయన మొహం వెలిగిపోయింది. పెన్ను మూత తీశాడు. ఇక సీటు నాదే అనుకున్నాను.

పెన్ను మూత తీయడం డైరెక్టరుగారు కూడా చూశారు. చటుక్కున మా మధ్యకు వచ్చేశారు.

"ఇవేం లోపాలండీ! అసలు లోపాలు చూడండి! ఆ తీగ తెంపిందెవరనుకున్నారు? మావాడే!"

"మావయ్యా, నువ్వే కదా..." అన్నాడు మేనల్లుడు బిక్కమొహంతో.

"నోర్ముయ్! చూశారా, తప్పు పెద్దవాళ్ళ మీదికి తోసేయడం కూడా ఉంది వీడికి. క్లాసుకు రాడు. వచ్చినా నిద్రపోతాడు. ఆ బోర్డు మీద పేరు వీడిది, పనంతా ఈ అమ్మాయిది!"

ఆయన నోట నిజం రావడం నేను వినడం అదే మొదటిసారి. ఒక్క క్షణం నా తరఫునే మాట్లాడుతున్నారనుకుని పొంగిపోయాను కూడా.

ఫోర్మన్ మేనల్లుణ్ణి నఖశిఖ పర్యంతం చూసి, రోగిని చూసిన డాక్టరులా తలాడించాడు. "శిక్షణ చాలా అవసరం" అని, కాగితం మీద వాడి పేరు రాసుకున్నాడు. తర్వాత నా దగ్గరికొచ్చాడు. దుబాసీ నా కళ్ళలోకి చూడకుండా చెప్పింది. "లోపం కనిపెట్టడం, భయపడకుండా చెప్పడం, మేం ఏడాదంతా నేర్పేది ఈ రెండే. అవి మీకు వచ్చేశాయి. మీలాంటివాళ్ళు ఇక్కడే ఉండడం మంచిది అంటున్నారు."

పెద్దాయన మనస్ఫూర్తిగానే అన్నాడు, అదే నాకు ఎక్కువ బాధ. ఏడుపొచ్చింది. అయినా తిరిగి దండం పెట్టాను. ఆయన వెళ్ళి కారెక్కాడు.

అందరూ వెళ్ళాక డైరెక్టరుగారు నా దగ్గరికి వచ్చారు. చుట్టుపక్కల ఫొటో తీసేవాడెవడూ లేడు. నడుము పూర్తిగా వంచి, చేతులు జోడించారు.

"కృతజ్ఞతలమ్మా. నువ్వు ఆ తాడు లాగి ఉండకపోతే మావాడి సీటు పోయేది."