ఆదివారం జాగా అద్దె

నా బండి పోవడానికి కారణం స్కేలు. అసలు పేరు నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. దారికి అడ్డంగా ఆపిన బండ్లని ఎత్తుకుపోయి పెట్టే టోయింగ్ యార్డులో గుమాస్తా. పుస్తకంలో ఏది రాసినా దాని కింద చెక్క స్కేలు పెట్టి గీత గీస్తాడు, అందుకని డ్రైవర్లందరూ అలా పిలుస్తారు. మనిషీ అంతే. సన్నగా, వంగకుండా ఉంటాడు.

నాది అద్దాలు మోసే పని. చిన్న వ్యాను, వెనక ఏటవాలుగా చెక్క చట్రం, అద్దానికీ చెక్కకీ మధ్య ఆరు మెత్తలు. పాత కంబళ్ళు మడిచి మా ఆవిడ తన మిషను మీద కుట్టింది. పదకొండేళ్ళలో పగిలినవి రెండే అద్దాలు, ఆ రెండూ మా బావమరిది పుణ్యమే.

ఒక శనివారం సాయంత్రం వీధి మలుపులో బండి ఆపి, నేనూ బావమరిదీ మనిషెత్తు అద్దాన్ని మూడో అంతస్తుకి ఎక్కిస్తున్నాం. మెట్ల కిటికీలోంచి చూస్తే బండి ముందు చక్రాలు గాల్లో ఉన్నాయి. చేతుల్లో అద్దం. కింద పెట్టలేం, పరుగెత్తలేం.

"బావా, మన బండి మనల్నొదిలేసి షికారుకి పోతోంది," అన్నాడు వాడు.

యార్డుకి వెళ్ళేసరికి గేటు మూశారు. 'ఆదివారం సెలవు' అని బోర్డు. సోమవారం పొద్దున్నే వెళ్ళి వరుసలో నిలబడ్డాను. స్కేలు గీత గీసి చెప్పాడు.

"టోయింగ్ పన్నెండొందలు. జాగా అద్దె రోజుకి మూడొందల యాభై, మూడు రోజులు. మొత్తం రెండువేల రెండొందల యాభై."

"మూడు రోజులెక్కడివి? నిన్న మీకు సెలవు కదా?"

"గేటుకి సెలవు. జాగాకి సెలవు లేదు."

"బాగుందయ్యా! గదిలో పెట్టి తాళం వేసి, గది అద్దె కూడా నన్నే కట్టమన్నట్టుంది."

వరుసలో వాళ్ళు నవ్వారు. ఆ నవ్వు నాకు బలమనుకున్నాను. అప్పుడు నా జేబులో రెండున్నర వేలు ఉన్నాయి. అది దాచిపెట్టి రాస్తే ఇదంతా అబద్ధమవుతుంది.

స్కేలు ఒక పసుప్పచ్చ కాగితం ముందుకి తోశాడు. "అభ్యంతరం ఉంటే ఇది నింపు. సంతకం పెట్టేముందు వెనక్కి తిప్పి చదువుకో."

నేను ఆరో తరగతిలో బడి మానేసినవాణ్ణి. చదవగలను, కానీ వేలు పెట్టుకుని నిదానంగా చదవాలి. వెనకాల అంతమంది చూస్తుండగా చీమతలకాయంత అక్షరాల మీద వేలు పెట్టాలా? "నాకు చదువు రాదనుకున్నావా?" అని సంతకం గీకేశాను. కాగితం తిప్పలేదు.

వెనక ఏముందో నాలుగో రోజు నాకిచ్చిన నకలు తిప్పి బావమరిది చదివి చెప్పాడు. విచారణ తేలేదాకా బండి ఎవరికీ ఇవ్వరు. అద్దె మాత్రం నడుస్తూనే ఉంటుంది. అభ్యంతరం వెనక్కి తీసుకోవాలంటే నేనే వెళ్ళి సంతకం పెట్టాలి.

"తీసేసుకో బావా. ఎలక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకుంటావా?"

"ఆ ఆదివారం డబ్బు ఎవరు కట్టినా వాళ్ళు నా మనుషులు కారు!" ఇల్లు అదిరేలా అరిచాను. వంటగదిలో కూరలు తరుగుతున్న చప్పుడు ఒక్క క్షణం ఆగింది. మళ్ళీ మొదలైంది.

తర్వాత వారం ఇంటికొచ్చేసరికి కిటికీ పక్క మూల బోసిగా ఉంది.

"మిషనేదే?"

"రిపేరుకిచ్చాను. దారం తెగిపోతోంది."

మళ్ళీ అడగలేదు. పని లేకపోయినా ఆ నెల ఇంటద్దె ఎలా కట్టిందో కూడా అడగలేదు. బావమరిది ఎన్నాళ్ళని ఖాళీగా కూర్చుంటాడు? సామాన్లు మోసే లారీలో చేరిపోయాడు. "అక్కడ బీరువాలే బావా, పడేసినా పగలవు," అని నవ్వబోయాడు, నవ్వు రాలేదు.

ఎనభై నాలుగో రోజున విచారణ తేలింది. గెలిచాను. గేటు మూసి ఉన్న మొదటి ఆదివారానికి అద్దె తీసుకోవడం తప్పని అధికారి రాశాడు. మిగతా ఆదివారాల సంగతి నా కాగితంలో లేదు కాబట్టి అవి కట్టాల్సిందేనట. టోయింగుతో కలిపి ముప్పైవేల రెండొందల యాభై.

ఆ బండిని ఎవరు కొన్నా ముప్పై వేలకి మించి ఇవ్వరు. నాకు అప్పిచ్చేవాడు లేడు. బండి వదులుకుంటే బాకీ వదిలేస్తామన్నారు. ఈసారి కాగితం వెనక్కి తిప్పి, వేలు పెట్టి, ప్రతి అక్షరం చదివాను. అందులో మోసమేమీ లేదు. సంతకం పెట్టాను.

"మెత్తలు నావి. అవి తీసుకుపోతాను," అన్నాను.

అది రాసుకోవడానికి స్కేలు పుస్తకం తీసి నా బండి పేజీ తెరిచాడు. ఒక్కో బండికి ఒక్కో పేజీ. నా అభ్యంతరం రాసిన వరస కింద, రెండో గీత మీద, కుడి పక్కకి వాలిపోయిన అక్షరాలు. కిరాణా చీటీల మీద ఇరవై ఏళ్ళుగా చూస్తున్న రాత. పక్కన స్కేలు రాసుకున్నాడు: పదో రోజు, నాలుగువేల ఏడొందలతో వచ్చారు, అభ్యంతరం ఉన్నందున బండి ఇవ్వలేదు.

"మీ ఆవిడేగా?" అన్నాడు. "గంటసేపు ఆ బల్ల మీద కూర్చుంది. ఆదివారంతో సహా తీసుకోండి, ఆయనకి మాత్రం చెప్పకండి అంది. నీ సంతకం లేకుండా నేనేం చెయ్యను? తిప్పి చదవమని నీకు ముందే చెప్పాను కదయ్యా."

అందుకే వాడంటే నాకు కోపం. చెప్పాడు కాబట్టి.

ఆరు మెత్తలూ భుజాన వేసుకుని నడిచి ఇంటికొచ్చాను. మిషనుండే మూలలో పడేశాను.

"ఎంతకమ్మావే?" అన్నాను.

ఆమె నావైపు చూడలేదు. "అయిదు వేలకి."

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే నీ మనిషిని కాకుండా పోతాను కదయ్యా."

పైనున్న మెత్తకి అంచు ఊడింది. దాన్ని ఒళ్ళో వేసుకుని, చేతిసూదితో కుట్టడం మొదలుపెట్టింది. మిషనుంటే రెండు నిమిషాల పని. చీకటి పడేదాకా కుట్టింది. ఆ మెత్త దేనికని నేనడగలేదు, ఆమె చెప్పలేదు.

అడిగినవాళ్ళకి లెక్క చెబుతున్నాను. బండి ముప్పై వేలు, మిషను అయిదు వేలు. పోయింది మొత్తం ముప్పై అయిదు వేలు. ఆదివారం మూడొందల యాభై మాత్రం నేను కట్టలేదు.